పదేళ్లకు రాయించుకున్న పేరు

పని మానేసినా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. పెళ్లిళ్లలో అడుగుతారు, బస్టాండులో అడుగుతారు. మొన్న పళ్ల డాక్టరైతే నా నోట్లో అద్దం పెట్టి మరీ అడిగాడు: "మేడమ్, వెబ్‌సైటు పేరు పదేళ్లకు ఒకేసారి రిజిస్టరు చేయిస్తే సెర్చ్‌లో పైకి వచ్చిద్దంట గదా?" నోరు తెరిచి ఉంది కాబట్టి తల అడ్డంగా ఊపాను. ఆయన అది నొప్పి అనుకుని ఇంకో ఇంజెక్షను తెచ్చాడు.

రాదు. జవాబు అంతే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇక్కడితో చదవడం ఆపేసినా నాకేం కోపం లేదు. మీకు కావలసింది దొరికింది. కానీ ఆ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నేను అలిసిపోయాను. చెప్పిన ప్రతిసారీ ఒక మనిషి గుర్తుకొస్తుంది. ఆమె గురించి చెప్పకుండా "రాదు" అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు ఉంటుంది.

నేను నరసరావుపేటలో ఒక చిన్న వెబ్‌సైట్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. రిటైరయ్యాననడం కూడా పెద్ద మాటే. ప్రైవేటు కొలువులో రిటైర్మెంటు ఉండదు, కళ్లు మొరాయిస్తే మానేస్తాం. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదలుపెట్టి, పెళ్లికార్డులు కంపోజు చేసి, కార్డుల కాలం పోయాక వెబ్‌సైట్లకు మాటలు రాసే పనిలో తేలాను. వరుడి పేరు పక్కన డిగ్రీలు రాసిన చేత్తోనే విత్తనాల కంపెనీల గొప్పలు రాశాను. రెండూ ఒకటే పని. ఉన్నదాన్ని కాస్త ఉబ్బించాలి, లేనిదాన్ని మాత్రం పుట్టించకూడదు.

ఆఫీసులో ముఖ్యంగా ముగ్గురం. మా యజమాని నాకన్నా చాలా చిన్నవాడు. ఒకప్పుడు సినిమా హాళ్ల కోసం ఆటోలో మైకు పట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. ఆ గొంతుతో ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది. చెప్పగా చెప్పగా ఆయనకు కూడా నిజమే అనిపించేది, అదీ చిక్కు. రెండోవాడు సైట్లు కట్టే తమ్ముడు. తమ్ముడంటే వరసకే, ఇద్దరు పిల్లల తండ్రి. బండికి తాళం వేసి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునే రకం. పనిలోనూ అంతే జాగ్రత్త. అతని జాగ్రత్త వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేను. ఒక్కసారి మాత్రం కీడు జరిగింది.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఒడిలో మిరపనారు ట్రే పెట్టుకుని బస్సులో వచ్చింది. మాచర్ల రోడ్డు పక్కన ఒక ఊళ్లో కౌలు నేలలో మిరపనారు నర్సరీ నడిపేది. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, గట్టి గొంతు. ట్రే తెచ్చి నా టేబుల్ మీద, కీబోర్డు పక్కన పెట్టేసింది.

"ఇది చూడకుండా మీరేం రాస్తారు వదినా? వేరు చూడు, ఎట్టా తెల్లగా ఉందో."

అంతకుముందు మా ఇద్దరికీ పరిచయం లేదు. అయినా కూర్చున్న నిమిషంలో నేను వదిననైపోయాను. మా వైపు అంతే, వరస కలపకుండా బేరం మొదలుకాదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. రైతులు ఫోన్లో మిరపనారు కోసం వెతికితే ఆమె నర్సరీ పైన కనపడాలి. నారు అనేది గోదాములో దాచుకునే సరుకు కాదు. మొక్క అదునుకొచ్చాక కొద్దిరోజుల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే ముదిరిపోతుంది. ముదిరిన నారు ఎవరూ కొనరు. కృష్ణ అవతలి నుంచి కూడా రైతులు ట్రాక్టర్లు, ఆటోలు వేసుకుని మా వైపు నారుకు వస్తారు. వాళ్లలో కుర్రవాళ్లందరూ ఫోన్లు చూసే బయలుదేరుతున్నారని ఆమె గమనించింది.

మా యజమాని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, పేరు ఏడాదికి రాయించుకున్నోడు అద్దెకున్నోడి కింద లెక్క. పదేళ్లకు రాయించుకున్నోడు ఇల్లు కట్టుకున్నోడు. ఎవరు నిలబడేవాళ్లో, ఎవరు మూటాముల్లె సర్దేవాళ్లో సెర్చ్‌కి తెలవదా? పదేళ్లకు కట్టండి, దానంతటదే పైకి తెచ్చిద్ది."

వెబ్‌సైటు పేరు కొనడమంటే నిజానికి కొనడం కాదు. ఏడాదికో రెండేళ్లకో, మహా అయితే పదేళ్లకో మన పేరున రాయించుకోవడం. గడువు తీరేలోపు మళ్లీ కట్టకపోతే ఇంకొకరు ఎగరేసుకుపోతారు. ఆమెకు ఇది నేనే చెప్పాను. వింటున్నకొద్దీ ఆమె ముఖం మారిపోయింది.

"అంటే పదేళ్ల దాకా ఎవుడూ నన్ను లెగమనడా?"

"అనలేడు."

"పొలం ఆసామి ఏడాది మించి ఇయ్యడు వదినా. ఎన్నేళ్ల నుంచో ఆ నేలే చేస్తన్నా. నీడకు కట్టిన షేడ్‌నెట్టు నాది, బోరుకి పైపులు నావి, నేల మాత్రం ఉగాదికి ఉగాదికి అడుక్కోవాలి. ఎక్కువేళ్లకు రాసిస్తే కౌలుదారు హక్కంటాడని ఆయన భయం. పొలం ఎట్టాగూ రాదు. పేరన్నా పదేళ్లు నాదనిపించుకుంటా."

మా యజమాని అమ్మింది ఒకటి, ఆమె కొనుక్కున్నది ఇంకొకటి. ఆ సంగతి అప్పుడు నాకు సరిగ్గా పట్టలేదు. పట్టినా ఏం చేసేదాన్నో తెలియదు. ఆమె వెళ్లాక మాత్రం ఆయన్ని పట్టుకుని అడిగాను.

"పదేళ్లకు కడితే పైకొస్తుందన్నది అబద్ధం గదా సార్?"

"పదేళ్లు పేరు పోకుండా ఉండిద్ది గదా మేడమ్. అది నిజమేగా?"

"అది నిజమే."

"మరింకేంది? సగం నిజం చాల్లే. మనూళ్లో నూటికి నూరు నిజంతో అమ్ముడుపోయే సరుకు ఏదన్నా ఉందా? మీరు రాతపని చూడండి, అమ్మకం నేను చూసుకుంటా."

ఈ పుకారు మా యజమాని పుట్టించింది కాదు, పాపం. సెర్చ్ కంపెనీ వాళ్లదే ఎప్పటిదో ఒక పేటెంటు కాగితంలో, పేరు ఎన్నేళ్లకు రాయించుకున్నారో కూడా ఒక ఆనవాలుగా చూడవచ్చని ఒక ముక్క ఉందట. నమ్మకం లేని సైట్లు పెట్టేవాళ్లు ఏడాదికి మించి కట్టరని అందులో తర్కం. దొంగలు ఏడాదికే రాయించుకుంటారు, నిజమే. దొరలూ ఏడాదికే రాయించుకుంటారు మరి. దాన్ని బట్టి ఎవరు ఏమిటో ఎట్లా తేలుతుంది? సెర్చ్ నడిపేవాళ్లు కూడా మేం అది చూడమని చెబుతూనే వచ్చారు. కానీ పేర్లమ్ముకునేవాళ్లకు ఆ పాత ముక్క బంగారం. ఒక్క ఏడాది అమ్మే చోట పదేళ్లు అమ్మొచ్చు. అక్కడి నుంచి మా యజమాని దాకా, మా యజమాని నుంచి పళ్ల డాక్టరు దాకా వచ్చింది.

సైటు తయారైంది. చూపించడానికి రమ్మంటే ఆమె వచ్చి, బొమ్మలన్నీ చూసి మెచ్చుకుని, చివర్లో ఒక మాట అడిగింది.

"అమావాస్య నాడు దీన్ని మూసెయ్యాలి వదినా."

మా వైపు అమావాస్య రోజు మేస్త్రీలు గోడ ఎక్కరు, లారీలు కదలవు, కొత్త బేరం ఎవరూ ముట్టుకోరు. చాలా మిల్లులకు నెలసెలవు ఆ రోజే. షట్టరు దించడం వింతేమీ కాదు. వెబ్‌సైటుకు షట్టరు దించమన్నది మాత్రం నా కొలువులో ఆమె ఒక్కతే. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"మా ఆయన వద్దన్నా వినకుండా అమావాస్య నాడు బేరం ఒప్పుకున్నాడు. నారు వేసుకుని పోయిన ట్రాక్టరు కాలవ కట్ట మీద తిరగబడింది. ఆయన నడుం విరిగి మంచాన ఉన్నాడు. నేను మళ్లీ ఆ రోజు ఎవురితోనూ బేరం మాట్టాడను. ఎవుడో ఒకడు ఫోన్లో చూసి బయల్దేరతాడు, వచ్చాక లేదనలేను. కనపడకుండా చెయ్యండి."

తమ్ముడు పంచాంగం తెప్పించి ఆ ఏడాది అమావాస్యలన్నీ ముందే ఎక్కించేశాడు. ఆ రోజు రాగానే సైటు దానంతటదే మూతపడి, ఏ పేజీ తెరిచినా "ఈ రోజు సెలవు" అన్న బోర్డు కనపడేలా చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తాళం లాగి చూసే మనిషి కదా, ఇంకో అడుగు ముందుకు ఆలోచించాడు. ఆ ఒక్కరోజు సెర్చ్ యంత్రం వచ్చి ఆ సెలవు బోర్డునే చదువుకుని పోతే? నెలంతా జనానికి ఈ నర్సరీ మూసి ఉందనే చూపిస్తుందేమో? అందుకని ఆ సెలవు పేజీ వెనక, మనుషులకు కనపడకుండా యంత్రానికి మాత్రం కనపడే ఒక మాట పెట్టాడు. ఈ పేజీని నీ జాబితాలో పెట్టుకోకు, అని.

యంత్రానికి అమావాస్య తెలియదు. వద్దంటే ఇక వద్దనే అనుకుంటుంది. ఆ రోజు ఏ పేజీ తలుపు తట్టిందో ఆ పేజీని తీసి పక్కన పడేసింది. చిన్న సైట్ల దగ్గరికి అది రోజూ రాదు. మళ్లీ ఎప్పుడో వచ్చి, తెరిచి ఉందని చూసుకుని జాబితాలోకి ఎక్కించుకునేసరికి ఇంకో అమావాస్య వచ్చేది. ఆ ఎండాకాలమంతా సైటు ఒక వారం కనపడటం, రెండు వారాలు మాయం కావడం. కొత్త సైటు కాబట్టి అంతేలే అనుకున్నాం.

ఆమె ఫోను చేసినప్పుడల్లా మా యజమాని ఒకటే పాట. "పదేళ్లకు కట్టాం గదక్కా. నిదానంగా పైకొస్తది. వేరు పట్టాలిగా." నారు పోసే మనిషికి వేరు పట్టాలంటే ఎందుకు నమ్మకం కుదరదు? ఆమె ఆగింది. మేమూ ఆగాం. పిల్లలూ, ఆ పదేళ్ల మాట చేసిన అసలు చెరుపు ఇదే. అది సైటును పైకీ తేలేదు, కిందికీ తోయలేదు. అందరినీ నిద్రపుచ్చింది. ఏదో మందు వేశాం, పనిచేస్తుందిలే అనుకుని జబ్బేమిటో చూడటం మానేశాం.

శ్రావణం వచ్చింది. కాలవలకు నీళ్లు వదిలారు. మిరప వేసే రైతులందరూ నారు వేటలో పడ్డారు. ఒక పొద్దున్నే ఆమె ఆఫీసుకు కాకుండా నాకే ఫోను చేసింది.

"వదినా, నారు అదునుకొచ్చింది. ఒక్క ఫోనూ రావట్లా. అవతలి ఊరి నర్సరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరినయి. ఏందిది?"

ఆ గొంతులో కోపం ఉంటే భరించేదాన్ని. కోపం లేదు, భయం ఉంది. నేను ఆఫీసుకు వెళ్లగానే తమ్ముడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఒకసారి ఆ ప్యానెల్ తెరువు తమ్ముడూ."

సైటు యజమానులకు సెర్చ్ వాళ్లు ఒక ప్యానెల్ ఇస్తారు. మన పేజీలు వాళ్ల జాబితాలో ఉన్నాయా లేవా, లేకపోతే ఎందుకు లేవో అందులో ఉంటుంది.

"పదేళ్లు కట్టారుగా అక్కా. సారు ఆగమన్నాడు."

"సారు సంగతి నేను చూసుకుంటా. నువ్వు తెరువు."

తెరిచాడు. పేజీలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ జాబితాలో లేదు. ప్రతి పేజీ పక్కనా ఒకే కారణం. ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా ఉంది గానీ, మన భాషలో దాని అర్థం "మీరే వద్దన్నారు" అని. తమ్ముడు తేదీలు చూశాడు. గోడకున్న క్యాలెండరు చూశాడు. మళ్లీ తేదీలు చూశాడు. అతని చెవులు ఎర్రబడటం నాకు కనపడింది.

"ఇది నేను పెట్టిందే అక్కా," అన్నాడు. నాకు అతన్ని తిట్టాలనిపించలేదు. జాగ్రత్త లేనివాడు చేసిన తప్పయితే నాలుగు మాటలనేదాన్ని.

ఆ మాట తీసేయడం నిమిషం పని, వెంటనే తీసేశాడు. మళ్లీ వచ్చి చూడమని సెర్చ్‌కి అర్జీ కూడా పెట్టాడు. కానీ అర్జీ వాళ్లు ఎప్పుడు చూస్తారో వాళ్ల ఇష్టం. నారు వాళ్ల కోసం ఆగదు.

మా యజమాని గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"సర్వర్ పాడైందని చెబుదాం మేడమ్."

"ఏ సర్వరు?"

"ఏదో ఒకటి. ఆమెకి సర్వరంటే ఏం తెలిసిద్ది? ఇప్పుడు అసలు సంగతి చెబితే, మరి పదేళ్ల సంగతేంది అని అడుగుద్ది. ఆమె ఒక్కతే అయితే ఫర్లేదు. ఆ మాచర్ల రోడ్డు పొడుగునా ఎంతమందికి పదేళ్లకు కట్టించామో మీకు తెలుసుగా."

"అడిగితే చెబుతాను," అన్నాను. నాకు అంత పౌరుషం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నిజం చెప్పాలంటే పౌరుషం కాదు, విసుగు. అన్నేళ్లుగా సగం నిజాలకు అక్షరాలు దిద్దీ దిద్దీ ఆ రోజుకు విసుగు పుట్టింది. చెప్పులు తొడుక్కుని మాచర్ల బస్సెక్కాను.

నర్సరీలో షేడ్‌నెట్ కింద ఉక్కగా ఉంది. వరసలు వరసలుగా ట్రేలు. లోకంలో అంత పచ్చగా, అంత అందంగా ఉన్న నష్టాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమె ఒక వరస చివర కూర్చుని, పొడుగెక్కుతున్న మొక్కల తలలు కత్తెరతో తుంచుతోంది. అట్లా తుంచితే ఇంకొన్నాళ్లు ఆగుతుందట. పక్కనున్న పాకలో నులకమంచం మీద భర్త పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

నేను నిలబడే చెప్పాను. అమావాస్యకు సెలవు పెట్టడం తప్పు కాదు. షట్టరు దించమని నువ్వన్నావు, మేం షట్టరుతో పాటు బోర్డు కూడా పీకి దాచేశాం. నెలనెలా అదే చేశాం. ఇప్పుడు సరిచేశాం, కానీ పైకి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం.

ఆమె కత్తెర ఆపి విన్నది.

"మరి పదేళ్లు?"

"దానికీ పైకి రావడానికీ సంబంధం లేదమ్మా."

"ఉందని సారు చెప్పాడుగా."

"లేదు."

ఆమె నా మీద అరుస్తుందనుకున్నాను. భర్త వైపు తిరిగింది, ఆయన పాక కప్పు వైపు చూస్తున్నాడు.

"ఏటా ఈపాటికి ఆటోకి మైకు కట్టించి ఊరూరా చెప్పేదాన్ని వదినా. కారంపూడి, గురజాల, దాచేపల్లి, అంతా తిరిగేదాన్ని. ఈ ఏడు తిరగలా. పదేళ్లకు కట్టా గదా, అదే పిలుచుకొచ్చిద్దని ఇంట్లో కూచ్చున్నా." "నా కాళ్లు నేనే ఇరగ్గొట్టుకున్నా."

ఆ మాట విని నేను ఆ ట్రేల మధ్యే కూర్చుండిపోయాను. మా ఆఫీసుకు ఫోను చేసి, ఆమె అన్నది అన్నట్టుగా మా యజమానికి చెప్పాను. ఆయన విని ఫోను పెట్టేశాడు. పెట్టేయడంతో, పోనీలే అనుకుంటున్నాడని తిట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక రోడ్డు మీద మైకు చప్పుడు వినపడింది. ఒక ఆటో, దాని నెత్తిన లౌడ్‌స్పీకరు. లోపల మా యజమాని, ఇస్త్రీ చొక్కాతో, మైకు పట్టుకుని. "రైతు సోదరులారా! అదునైన మిరపనారు! తెల్లని వేరు, లేత మొక్క!" పాత సినిమా గొంతు అది, ఏళ్లయినా తుప్పు పట్టలేదు. ఆటో ఆపి దిగాడు, ఆమె ముఖం చూడలేక ట్రేల వైపు చూస్తూ అన్నాడు.

"అక్కా, ఎక్కండి. దారి మీకు తెలుసు, అరిచేది నేను అరుస్తా."

ఆ రోజు, ఆ తర్వాత ఇంకొన్ని రోజులు ఆయన ఆఫీసుకు రాలేదు. గొంతు పూర్తిగా పోయేదాకా తిరిగాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడ సగం పోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, ఎందుకంటే గొంతు వచ్చాక మళ్లీ పదేళ్ల పేర్లు అమ్మాడు.

నారు కొంత కదిలింది. అంత ఆలస్యంగా వెతుక్కునే రైతులు, మొదట వేసింది వానకు పోగొట్టుకున్నవాళ్లు వచ్చి పట్టుకుపోయారు. మిగిలింది ముదిరిపోయింది. కూలీలతో ట్రేలు దులిపించి గట్టు మీద కుప్ప పోయించిందని, చూడలేక ఆ పూట ఇంట్లోనే ఉండిపోయిందని తర్వాత ఫోన్లో చెప్పింది.

సరిచేశాం కదా, సైటు నెమ్మదిగా కోలుకుంది. ఆ శీతాకాలమంతా ఆమెకు వచ్చే ఫోన్లలో రైతులు ఏమేం అడుగుతారో కనుక్కుని, ఆమె చెప్పే జవాబులనే నేను పేజీలుగా రాశాను. నారు ట్రాక్టరులో ఎట్లా సర్దాలి, దారిలో గాలి తగలకుండా ఏం కప్పాలి, ఆకుముడత కనపడితే నాటొచ్చా మానాలా. సెలవు రోజు కూడా ఇప్పుడు సైటు తెరిచే ఉంటుంది, పైన "ఈ రోజు బేరం లేదు, రేపు ఫోను చేయండి" అన్న ఒక్క వరస మాత్రం కనపడుతుంది. ఇంత చిన్న పని మొదటే చేసి ఉండొచ్చు. మరుసటి వానాకాలానికి ఆ సైటు మొదటి వరసలో నిలబడింది. అడిగినవాటికి జవాబులున్నాయి కాబట్టి నిలబడింది. పదేళ్లకు బదులు ఒక్క ఏడాదికే కట్టి ఉన్నా అక్కడే నిలబడేది.

కానీ ఆ వానాకాలానికి ముందే, ఉగాదికి, పొలం ఆసామి నేల ఇంకొకరికి ఇచ్చేశాడు.

"పోయినేడు నీకే గిట్టుబాటు కాలేదంటగా, నాకేం కడతావ్," అన్నాడట. ఎన్నేళ్లు చేసినా ఏడాది మనిషి ఏడాది మనిషే. ఆమె షేడ్‌నెట్ విప్పుకుని, పైపులు పీక్కుని ఇంటికి తెచ్చుకుంది.

వానలు పడగానే ఇక ఫోన్లు మొదలయ్యాయి. కృష్ణ అవతలి నుంచి, ఇవతలి నుంచి, రోజంతా ఫోన్లు. "అమ్మా, నారు ఉన్నదా? నెట్ల మీ నర్సరీయే మొదట వచ్చింది." ఉన్నప్పుడు ఒక్కడూ చేయలేదు, లేనప్పుడు ఊపిరాడనివ్వలేదు. అవన్నీ ఎత్తింది. ఒక్కటి కూడా కట్ చేయలేదని తర్వాత ఆమె భర్త నాతో చెప్పాడు.

ఆ నేల కౌలుకు తీసుకున్న మనిషి ఒకరోజు మా ఆఫీసుకు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, చేతిలో హెల్మెట్, మర్యాదగా మాట్లాడాడు. చెడ్డవాడేం కాదు. పొలం ఎట్లాగూ వచ్చింది, ఆ పేరు కూడా కొనుక్కుంటానన్నాడు. మా యజమాని కళ్లు మెరిశాయి. ఆమెను పిలిపించాం. వచ్చి నా పక్కన కూర్చుంది. ఈసారి ఒడిలో ఏమీ లేదు.

"పేరు నాకు అమ్మెయ్యండి పిన్నీ," అన్నాడతను.

"అమ్మను."

"పోనీ, ఇంకా గడువు చానా ఉందంటగా. ఆ ఏళ్లన్నిటికీ నాకు వదిలెయ్యండి. సైట్లో నా నంబరు పెట్టుకుంటా, పేరు మీదే ఉంచుకోండి."

ఆమె గోడకున్న క్యాలెండరు వైపు చూసింది.

"ఏడాదికి ఇస్తా. ఉగాదికి మళ్లీ మాట్టాడుకుందాం."

"ఏడాదంటే ఎట్టా పిన్నీ? ఈ పేరు నమ్ముకుని నేను నారు పోసుకున్నాక మీరు తీసేసుకుంటే నా గతేంది?"

నేను ఆమె వైపు చూశాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణం ఆమె ముఖంలో పంతం తీరిన సంతోషం కనపడుతుందని ఎదురుచూశాను. కనపడితే నాకూ బాగుండేదేమో. లేదు.

"ఆ భయం నాకు తెలవకపోతే ఎవురికి తెలిసిద్దయ్యా," అంది మెల్లగా. "నీ పొట్ట కొట్టాలని కాదు. ఎక్కువేళ్లకు ఇచ్చాననుకో, ఈ మధ్యలో నాకు నేల దొరికితే? ఏ పేరు పెట్టుకుని అమ్మాలి నేను?"

అతను ఏడాదికే ఒప్పుకున్నాడు. నేను అక్కడికక్కడే సైటులో నంబరు మార్చాను. ఆమె నా భుజం మీదుగా వంగి తెర చూస్తోంది.

"నాది పూర్తిగా తీసెయ్యమాక వదినా. కింద ఉంచు. చిన్నగానే ఉంచు."

కింద, చిన్న అక్షరాల్లో ఉంచాను. అతను చూశాడు, అభ్యంతరం చెప్పలేదు.

ఆ తర్వాత ఉగాదులు వచ్చిపోయాయి. ప్రతి ఉగాదికీ ఇద్దరూ మాట్లాడుకుంటారు, పేరు మళ్లీ ఏడాదికి అతని చేతికి వెళుతుంది. ఆమెకు ఇంకా నేల దొరకలేదు. మొన్న శ్రావణంలో చూసిపోదామని వాళ్లింటికి వెళితే, మేం టీ తాగేలోపు ఆమె ఫోను రెండుసార్లు మోగింది. పైనున్న పెద్ద నంబరు వదిలేసి, కింద చిన్నదానికే చేసే రైతులు ఇంకా కొందరున్నారు. రెండుసార్లూ ఆమె చెప్పింది ఒక్కటే.

"పైనున్న నంబరుకి చెయ్యి నాయనా. ఈ ఏడుకి ఆయన దగ్గర తీసుకో. ఈ ఏడుకి."